కోసిన అంచులు

నలభై మూడో మామిడికాయ తుడిచి చాప మీద పెడుతుండగా వీధిలో నాడాల చప్పుడు వినిపించింది. ఆండాళమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది. చప్పుడు గుమ్మం దాకా వచ్చింది. తీరా చూస్తే పక్కింటి ఎద్దు. పోలీసుల బూట్లకే కాదు, ఎద్దులకు కూడా నాడాలుంటాయన్న సంగతి ఈ మధ్య ఆమెకు గుర్తుండడం లేదు. పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం సూర్యాపేటలో మామిడికంటే భయమే బాగా కాసింది.

నలభై నాలుగో కాయ అందుకుంది.

యాభై ఆరేళ్ళ పొట్టి మనిషి. కుడి ముంజేతి నిండా నూనె చిట్లిన మచ్చలు, పోపుగింజలు చల్లినట్టు. కట్టేది తెల్లచీరే అయినా పసుపు, కారం, మసి దాన్ని ఎన్నడూ తెల్లగా ఉండనివ్వలేదు. వకీలు కృష్ణమూర్తి గారింట్లో ఇరవై ఏళ్ళుగా వంట చేస్తోంది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పెండ్లికో దినానికో పిలిస్తే బండెక్కి పోయి వండి వస్తుంది. ఏడేళ్ళ కాపురంలో భర్త ఆమెకు మిగిల్చినవి రెండే: వైధవ్యం, అక్షరాలు. మొదటిదాన్ని ఊరు రోజూ గుర్తు చేసేది. రెండోదాన్ని ఆమె చప్పుడు చెయ్యకుండా వాడుకుంది.

ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం. ప్రతి పేజీలో కుడివైపు వంట చేసే తీరు. ఎడమ అంచున అది ఎవరి చేతి వంట, ఏ ఊరు, ఎందరికి చేశారన్నది. ముప్పై ఏళ్ళుగా నూటికి పైగా ఆడవాళ్ళు ఆ అంచుల్లో చేరారు. సగం మంది చచ్చిపోయారు. వాళ్ళ పేర్లు వాళ్ళ కోడళ్ళకు కూడా సరిగా తెలియవు. ఆండాళమ్మకు మాత్రం, పొయ్యి మీద గిన్నె పెట్టేముందు ఆ పేరు ఒకసారి అనుకోకపోతే ఉప్పు కుదరదు.

రుక్కమ్మ, వకీలు గారి భార్య, కత్తిపీట తెచ్చి పక్కన కూచుంది. కాయ కోయలేదు.

"ఆండాళమ్మా, సారు పొద్దుగాల్నే చెప్పి పోయిండు. ఇంట్ల తెలుగు కాయితం ఒక్కటి గూడ ఉండొద్దట. పంచాంగం సుత పొయ్యిల పెట్టిన."

"పంచాంగం కాలవెడితె ఇగ మంచిరోజు ఎట్ల తెలుస్తది?"

"మంచిరోజులున్నయా, తెల్వనీకె?"

ఇద్దరికీ నవ్వు రాలేదు. పోయిన వారం మిర్యాలగూడ దిక్కు ఒక ఊళ్ళో లింగస్వామి అనే పంతులింట్లో, చెల్లెలి పెండ్లికి పిలవాల్సిన వాళ్ళ పేర్లు రాసిన కాగితం దొరికింది. పేరు, ఊరు, ఇంటికి ఎందరు. నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ళ పట్టీ అని పోలీసులు ఆయన్ను పట్టుకుపోయారు. పెండ్లయిపోయింది. పంతులు ఇంకా రాలేదు.

"నీ బుక్కుల నిడమనూరు చంద్రమ్మ ఉన్నదా?" రుక్కమ్మ గొంతు తగ్గించి అడిగింది.

ఉంది. మాఘమాసంలో చంద్రమ్మ ఇంట్లో ఏ పెండ్లీ లేకుండా అరవై మంది తిన్నారు. భుజాన తుపాకులతో వచ్చి, గోడ కింద బారుగా కూచుని, మాట్లాడకుండా తిని పోయారు. ఆండాళమ్మ జొన్నగటక కెలికింది, ఏమీ అడగలేదు. ఇంటికొచ్చాక మాత్రం చేతికున్న అలవాటు ఊరుకోలేదు. 'చంద్రమ్మ. నిడమనూరు. అరవై మందికి.'

ఆ ఒక్క కాగితం చించితే సరిపోయేదేమో. కానీ భయానికి ఏరడం రాదు. కత్తెర తీసుకుని మొదటి పేజీ నుంచీ అంచులు కోసుకుంటూ పోయింది. పేర్లన్నీ ఒళ్ళో రాలి, తలంటు రోజు దువ్వెనకొచ్చిన వెంట్రుకల్లా ముద్దయ్యాయి. చంద్రమ్మను ముందు పొయ్యిలో వేసింది. తర్వాత మిగతావాళ్ళను గుప్పెళ్ళతో వేసింది. పొయ్యి మీది పాలు పొంగాయి.

"వంటలన్న మిగిలినయి గదా," అంది రుక్కమ్మ.

"మిగిలినయి. దిక్కు లేనియి."

ఆవపిండి కలుపుతుండగా, నడినెత్తిన ఎండ వేళ వాళ్ళు నిజంగానే వచ్చారు. పోలీసు అమీను, ఇద్దరు జవాన్లు, తెలుగు చదివి చెప్పడానికి తెచ్చుకున్న వెంకటనర్సయ్య అనే పడుచువాడు. పాతికేళ్ళుంటాయి. ఎవరి ముఖంలోకీ సూటిగా చూడడు. జవాన్లు బియ్యం గుమ్మిలోకి కర్రలు దించారు, పరుపులు చీల్చారు. ఎండుమిరప గంప బోర్లిస్తే ఘాటుకు తుమ్ములతో పాటు ఎర్ర అట్ట పుస్తకం కూడా బయటపడింది.

"క్యా హై?" అన్నాడు అమీను.

వెంకటనర్సయ్య నాలుగు పేజీలు తిప్పాడు. "ఖానా పకానేకా, సాబ్." తరువాత అతని బొటనవేలు అంచు వెంట నడిచింది. "ముసలమ్మా, ఈ పక్కన కోసినయేంది?"

"ఎలుకలు గొరికినయి నాయనా."

"ఎలుకలకు కత్తెర ఎవలిచ్చిండ్రు?"

ఆండాళమ్మ కారం అంటిన చేతులు రెండూ ఆకాశానికి చూపిస్తున్నట్టు పట్టుకుని నిలబడింది. అంచులు కోసి ఏదో దాచిందని ఆ కోతే కేకేసి చెబుతోంది. రుక్కమ్మ దర్వాజా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"నూనె మరకలు బట్టినయి. గోసి పొయ్యి అంటువెట్టిన," అంది ఆండాళమ్మ.

అమీను కర్రతో నేల మీద కొట్టి, గట్టిగా చదవమన్నాడు. వెంకటనర్సయ్య చదివాడు. మానెడు శనగపిండి, సోలెడు నెయ్యి, బస్తా బియ్యం. అలా చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గరికొచ్చాడు.

"సర్వపిండి. గుప్పెడు బియ్యప్పిండి, లేకుంటె సజ్జపిండి. ఇంత నువ్వులు. గిన్నె అడుగుకు ఒత్తి వేలితోని అయిదు తూట్లు వొడువాలె. నాలుగిట్ల నూనె. నడిమి తూట్ల..."

ఆగిపోయాడు.

"...నడిమి తూట్ల బెల్లం ముక్క. అది లేకుంటె తినకుంట మారాం జేస్తడు."

అప్పుడు గుర్తుపట్టింది ఆండాళమ్మ. పదిహేనేళ్ళ కిందట వాడపల్లి పుష్కరాలు. మూసీ ఒడ్డున బండి కింద జ్వరంతో పడుకున్న పిల్లవాడు. మూడు రాళ్ళ మీద గిన్నె పెట్టి ఊదుతున్న తల్లి. నూరుగురికి వండే ఆండాళమ్మ అక్కడ ఆగి, ఆ బెల్లం ముక్కేమిటని అడిగింది. ఆ పిల్లవాడి చెవులే ఇవి, నిలబడ్డ చెవులు.

వెంకటనర్సయ్య గొంతు ఇప్పుడు ఆమెకు మాత్రమే వినిపించేంత ఉంది. "ఇది నీకెవలు చెప్పిండ్రు, అమ్మమ్మా?"

పేరు నాలుక మీదికి వచ్చేసింది. ఒక్క పేరు బయటికొస్తే మిగతావేవని అడుగుతాడు అమీను. నిడమనూరులో చంద్రమ్మ ఈ పూట ఏ గేదెకో కుడితి పెడుతూ ఉంటుంది.

"యాదికి లేదు బిడ్డా."

"జర యాది జేసుకో."

"ముసల్దాన్ని. ఎవలో చెప్పిండ్రు, ఎవలో తిన్నరు."

అతను పుస్తకం మూసి రోలు మీద పెట్టాడు. "కుఛ్ నై, సాబ్. చట్నీ, రోటీ."

జవాన్లు పోతూ పోతూ కోసిన ముక్కలు గుప్పెళ్ళతో తీసుకుని ఉప్పద్దుకున్నారు. గుమ్మం దాటుతూ వెంకటనర్సయ్య, ఎవరూ అడగకుండానే, "మా అమ్మ వోయి ఎనిమిదేండ్లయింది" అన్నాడు.

ఆ సాయంత్రం దాకా ఆండాళమ్మ తొక్కు కలుపుతూనే ఉంది. రుచి చూసి ఉప్పెక్కువైందంది. రుక్కమ్మ నాలుక మీద వేసుకుంది. సరిగ్గానే ఉంది.

"అగో, బాగనే ఉన్నది గదా. వాండ్లు పోయిండ్రు, ఇగ నిమ్మళంగుండు."

"వాని ముంగట్నే వాని తల్లిని లేకుంట జేసిన."

"ఎవలి తల్లిని?"

ఆండాళమ్మ జాడీ మూతికి గుడ్డ కట్టి, ఇంత గంజి ఉంటే ఉంచమంది. తాగడానికనుకుంది రుక్కమ్మ.

తెల్లారి పొయ్యి అంటుకోలేదు. రుక్కమ్మ వంటింటి గడప దగ్గరి నుంచే రెండు కేకలేసింది, పొద్దెక్కింది లెమ్మని. ఆండాళమ్మ గోడకు ఆనుకుని, గడ్డం రొమ్ముకు ఆనించి, ఏదో రుచి తేల్చుకోలేకపోయిన మనిషిలా కూచుని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. రుక్కమ్మ ఏడవడానికి ముందు లేచి వీధి తలుపు గడియ వేసిందో లేదో చూసి వచ్చింది. ఆ తరువాత ఏడ్చింది, వీధికి వినపడకుండా.

ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. సర్వపిండి పేజీ కోసిన అంచుకు, ఇంగువ పొట్లం విప్పి కత్తిరించిన కాగితపు పేలిక ఒకటి గంజితో అతికించి ఉంది. దాని మీద 'సత్తెమ్మ. వాడపల్లి పుష్కరాలు. ఒక్క పిల్లగానికి' అని ఉంది. గంజి ఇంకా పూర్తిగా ఆరలేదు. చీమలు దాని అంచు వెంట బారు కట్టాయి.