పళ్లకు గుండు

మా భానుశ్రీకి నాలుగున్నరేళ్లు. కొండ మీద గుండు చేయించి ఇరవై రోజులైంది. ఆ గుండే నా కొంప ముంచింది. జరిగింది వింటే మీరందరూ తప్పు నాదే అంటారు. అనండి.

రెండు రోజులుగా పిల్ల కుడి దవడ పట్టుకుని ఏడుస్తోంది. సెల్‌ఫోను లైటు వేసి చూస్తే వెనక పన్ను మీద మిరియపు గింజంత నల్లటి గుంట. రోజూ సాయంత్రం ఆటో దిగుతూ నేను తెచ్చిచ్చే బెల్లం కమ్మరకట్టు మిఠాయిల పుణ్యమే అది.

"పాలపళ్లకు డాక్టరెందుకురా, ఎట్లాగూ ఊడిపోయేవే కదా" అంది మా అమ్మ.

"ఊడేదానికి ఇంకా అయిదారేండ్లు ఉండాది అత్తా. అంతవరకూ ఏడస్తా కూసుంటాదా?" అని మా ఆవిడ కోమలి పిల్లను ఎత్తుకుని నా ఆటో ఎక్కింది.

అలిపిరి రోడ్డు పక్క సందులో నిలోఫర్ మేడమ్ పళ్ల ఆసుపత్రి. ఆమె పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి మెడకు నీలం గుడ్డ కట్టింది. అంతే, పిల్ల మూతి బిగించి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"ఏం పాపా, ఏమైంది?" అంది మేడమ్.

"కొండ మీద కూడా ఇట్లే గుడ్డ కప్పి కూసోబెట్టినారు. కొంచెమే తీస్తారని నాయన చెప్పినాడు. అంతా తీసేసినారు. ఈడ పళ్లన్నీ తీసేస్తారు."

మేడమ్ నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను. కొంచెమే అని నేనన్న మాట నిజమే. పిల్ల ఏడవకూడదని అన్నాను.

"ఒక్కటి కూడా తియ్యను పాపా. గుంట పూడుస్తా, అంతే" అని మేడమ్ నవ్వింది.

"గుండు కొట్టిన తాతా ఇట్లే నవ్వినాడు."

నేను కల్పించుకుని, "వెంట్రుకలు మళ్లా వస్తాయి కదా అమ్మీ" అన్నాను. ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి. అది అరచేత్తో నున్నటి తల తడుముకుని, "యాడ వచ్చినాయి?" అని అడిగింది. తర్వాత వాళ్లమ్మ జడ వైపు కోపంగా చూసింది. గుండు వద్దనుకునే ఆడవాళ్లు కొండ మీద మూడు కత్తెర్ల జుట్టు మాత్రం ఇచ్చి మొక్కు తీర్చుకుంటారు. కోమలి అంతే ఇచ్చింది.

"అమ్మ మాదిరి నేనూ మూడే ఇస్తా" అని మూడు వేళ్లు చూపించి బేరం పెట్టింది నా కూతురు.

బేరం కుదరలేదు. చివరికి తీర్పు తనే చెప్పింది. "ముందు నాయన కూసోవల్ల. కొండ మీద ముందు నాయనే కూసున్నాడు."

బస్టాండులో పదిమంది ఆటోవాళ్లతో ఒక్కణ్ణే గొడవపడే మొనగాణ్ణి నేను. సూది పేరు చెబితే మాత్రం చెమటలు పోస్తాయి. అయినా కూర్చున్నాను.

మేడమ్ అద్దం పెట్టి చూసి, "అన్నా, వెనక జ్ఞానదంతం పూర్తిగా పుచ్చిపోయిండాది. ఈ పొద్దే తీసేయల్ల" అంది.

నా కాళ్లు వాటంతట అవే నేల మీదికి దిగాయి. కోమలి తలుపుకు అడ్డంగా నిలబడింది. నేను పారిపోతే ఈ పిల్ల జన్మలో ఎవరి ముందూ నోరు తెరవదు, ఆ నొప్పితో ఈ రాత్రీ నిద్రపోదు. అది తెలిసినా నా కాళ్లకు బుద్ధి లేదు. దారి లేక మళ్లీ కుర్చీలో కూలబడ్డాను.

అప్పుడు భానుశ్రీ నా ఒళ్లోకి ఎక్కి నా గడ్డం పట్టుకుంది. "బయపడొద్దు నాయనా. నోరు ఇట్లా తెరువు, చూడు. ఆఁ…"

దాని కొండనాలుకతో సహా అంతా కనబడింది. మేడమ్ అద్దం ఎత్తి, "పాపా, నీదీ చూడనా?" అంది. పిల్ల నా మొహం చూసింది.

'ఏమీ కాదు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఏం చేస్తారో మేడమ్‌ను అడిగి, ఉన్నదున్నట్టు చెప్పాను. "గుంటను చిన్న గరిటెతో గీకుతారు. తర్వాత సిమెంటు పెడతారు, అది వగరుగా ఉంటాది. నొప్పి పుడితే చెయ్యెత్తు, మేడమ్ ఆపేస్తాది."

అది నా ఒళ్లోనే వెనక్కి వాలింది. మేడమ్ గీకడం మొదలుపెట్టగానే చెయ్యెత్తింది. మేడమ్ ఆపింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ ఆపింది. ఏడుసార్లు ఎత్తింది. నొప్పికి కాదు, నా మాట నిజమో కాదో చూసుకోవడానికి. ఏడుసార్లూ నిజమే అయ్యేసరికి ఎనిమిదోసారి ఎత్తలేదు. గుంట పూడింది.

దిగి అద్దంలో చూస్తూ పళ్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. "ఇరవై! అన్నీ ఉండాయి!"

ఇక నా వంతు. మేడమ్ సూది చేతిలోకి తీసుకుంది. నాకు తెలియకుండానే నా చెయ్యి లేచింది.

"మేడమ్, ఆపు! మా నాయన చెయ్యెత్తినాడు!" అని భానుశ్రీ ఆసుపత్రి అదిరేలా అరిచి నా మీద అడ్డంగా పడింది.

మేడమ్ ఆగింది. ఆ సూది ఇంకా నాకు బారెడు దూరంలోనే ఉంది. అయినా నా కళ్లు తడిశాయి. పిల్లను గట్టిగా పట్టుకుని నోరు తెరిచాను.