చక్రం కింద చెక్క

లారీ కింద వెల్లకిలా పడుకుని ఆయన బోల్టులన్నీ మళ్లీ మొదటినుంచి చూసుకుంటున్నాడు. ఒక్కోదాన్నీ ముందు స్పానరుతో, తర్వాత వేళ్లతో. స్పానరు మీద ఆయనకు పూర్తి నమ్మకం లేదు. బక్కపలచటి మనిషి, యాభై దాటినవాడు, చొక్కా జేబు కింద చాకలికి కూడా లొంగని సిరా మరక. మెడ కింది సిమెంటు చల్లగా ఉన్నా నుదుటినిండా చెమటే.

నీళ్ల శాఖవాళ్ల వర్క్‌షాపులో బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం. గొట్టాలకూ తొట్లకూ కొలతలు వేసి గీసి ఇస్తే వెల్డర్లు చేసిపెడతారు. ఎదురుగా అందరూ ‘సారూ’ అంటారు, అటు తిరగ్గానే ‘అనుమానాలరావు’ అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. గడియ పెట్టి పడుకున్న మనిషి మళ్లీ లేచి గడియ చూసి వస్తే ఇంకేం పేరు పెడతారు మరి? భార్య బస్సెక్కితే చేరానని ఫోను వచ్చేదాకా ఆయనకు ముద్ద దిగదు. పెళ్లయిన కొత్తలో ఆవిడ నవ్వేది, తర్వాత కొన్నేళ్లు విసుక్కుంది, ఇప్పుడు బస్సు దిగీదిగకముందే ఫోను చేస్తుంది.

ఈ లారీ కూడా ఆ భయంలోంచి పుట్టిందే. కొండ మీది పేటలో బోర్లు ఎండిపోయాయి. ఇన్నాళ్లూ ట్యాంకరు వెళ్లి, వెనక నుంచి ఒకే ఒక్క లావుపాటి గొట్టం కిందికి వదిలేది. కండ ఉన్నవాళ్ల బిందెలు నిండేవి, ముసలివాళ్ల బిందెలు సొట్టలు పడేవి. అదొక ఎత్తు. ఏటవాలు రోడ్డులో, అంత బరువు వెనక జనం గుంపుగా నిలబడటం చూసిన రోజున ఆయనకు అన్నం సయించలేదు. బండి జారితే? ఆ ఒక్క మాట నెలల తరబడి బుర్ర తొలిచేసింది. చివరికి పాత లారీ ఒకటి అడిగి తీసుకుని దాని మీద కొత్త తొట్టి గీశాడు. నీళ్లు ఒక పక్కకు ఒరిగిపోకుండా లోపల అడ్డుపలకలు, రెండు పక్కలా ఆరేసి కుళాయిలు, పిల్లలకూ నడుం వంగినవాళ్లకూ అందే ఎత్తులో. వెనక మాత్రం ఎవరూ నిలబడకూడదు. చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్కలు కోయించి, అడుగున గాట్లు పెట్టించి, ఎర్ర రంగు తానే వేశాడు. హ్యాండ్ బ్రేకును నమ్మే మనిషి కాదాయన.

బండి నడిపేది ఆయన బావమరిది. నోరు పెద్దది గానీ చెయ్యి నిదానం.

“బావా, ఇంకా కిందే పడుకుంటే నీ మీంచే పోనిస్తా. అక్కకి ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నా.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన మాత్రం లేచి, బట్టలు దులుపుకుని, చెక్కలు రెండూ చంకలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. ఈ మొదటి ట్రిప్పుకు ఆయన రానక్కర్లేదని పైవాళ్లు చెప్పారు. రాకుండా ఇంట్లో కూర్చునే ధైర్యం ఆయనకు లేదు.

కొండ ఎక్కుతున్నంతసేపూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే కూర్చున్నాడు. మలుపు తిరిగినప్పుడల్లా వెనక తొట్టిలో నీళ్లు పలకలకు కొట్టుకునే చప్పుడు వింటూ, ఎడమ చేత్తో తలుపు పట్టుకున్నాడు. ఆ చెయ్యి పొద్దుటినుంచీ లాగుతోంది. బోల్టులు బిగించడం వల్లే అనుకున్నాడు. బావమరిది ఏదో సినిమా కథ చెబుతున్నాడు, ఈయన ఊఁ కొడుతున్నాడు.

పేటలో ఇరుకు రోడ్డు మీద, ముక్కు పైకి పెట్టి బండి ఆగింది. ఆయన దిగి వెనక చక్రాల కింద చెక్కలు దూర్చి, కాలితో తన్ని చూశాడు. జనం రెండు పక్కలా బారులు తీరారు. తోపులాట లేదు, తిట్లు లేవు. ఒక చిన్నపిల్ల తన చెంబు తనే నింపుకుని వెళ్లింది. అది చూసి ఆయనకు ఎన్నో నెలల తర్వాత గుండె కాస్త కుదుటపడింది.

అంతలో ముందు కుళాయిలు సన్నబడ్డాయి. బండి ముక్కు పైకుంది కదా, మిగిలిన నీళ్లన్నీ వెనక్కి చేరాయి. చివరికి పక్క కుళాయిలన్నీ ఆగిపోయాయి. వెనక నుంచి మాత్రం ధార పడుతున్న చప్పుడు వినిపించింది. తొట్టి కడిగినప్పుడు అడుగున మడ్డి వదలడానికి వెనక ఒక కుళాయి ఉంటుంది. ప్రతి తొట్టికీ ఉంటుంది. అలవాటు కొద్దీ ఈయనా గీసేశాడు. మడ్డినీళ్లని కూడా వదులుకోలేనివాళ్లు ఉంటారని ఒక్కసారైనా తోచలేదు. ఇంత అనుమానప్పక్షికి ఆ ఒక్క అనుమానం రాలేదు.

వెళ్లి చూసేసరికి ఒక ముసలమ్మ లారీ వెనక, రెండు చక్రాల మధ్య గొంతుక్కూర్చుని బిందె పట్టుకుని ఉంది. ఇంతసేపూ ఒలికిన నీళ్లతో నేలంతా బురద. ఆయన చూస్తుండగానే కుడివైపు చెక్క కిర్రుమని వెనక్కి జారింది. దాని వెంబడే చక్రం కదిలింది.

అరిచేలోపే ఆయన కాళ్లు ముందుకు వెళ్లాయి. ముసలమ్మను రెక్క పట్టుకుని ఇవతలికి లాగేసి, మళ్లీ వెనక్కి వెళ్లి, ఎవరూ ఉండకూడదని తాను గీసిన చోటనే మోకాళ్ల మీద కూర్చుని, చెక్కను రెండు చేతులా చక్రం కిందికి నెట్టాడు. పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరో కేకేశారు. బావమరిది ఒక్క గెంతులో సీటెక్కి బ్రేకు తొక్కిపట్టాడు. బండి ఆగింది.

“నా బిందె నిండనే లేదు కదయ్యా, అట్లా లాగేశావేంటి?” అంది ముసలమ్మ.

ఆయనకు నవ్వో ఏడుపో తెలియలేదు. సీట్లోంచి తన నీళ్ల సీసా తెచ్చి ఆమె బిందెలో ఒంపాడు. తన నోరు పిడచగట్టుకుపోయి ఉంది, అయినా ఒక్క గుక్క మిగుల్చుకోలేదు. జనాన్ని పక్కకు తప్పించి, ముందు సీటెక్కి వెనక్కి వాలాడు.

“చూడు,” అన్నాడు బావమరిదితో, ఎడమ భుజం పట్టుకుని. “రేపు పొద్దున్నే ఆ వెనక కుళాయి పీకించి, పక్కవైపు పెట్టించు. మర్చిపోకు.”

“నువ్వుండగా నేను మర్చిపోవడమేంటి బావా? నువ్వే దగ్గరుండి పెట్టిద్దువుగాని.”

పైదాకా వెళ్లి, బండి తిప్పుకుని, దిగువకు వచ్చారు. బావమరిది దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంత పిరికి మనిషివి లారీ వెనకకెలా దూరావు బావా అన్నాడు. ఇంటికెళ్లి అక్కకి చెబితే నమ్మదన్నాడు. పక్కనుంచి ఊఁ వినిపించలేదు. బావ అలిసిపోయి నిద్రపోయాడనుకుని, గుంతల దగ్గర బండిని నెమ్మదిగా దించాడు. వర్క్‌షాపు గేటు దగ్గర ఆపి, భుజం తట్టి, చెయ్యి అక్కడే ఉంచేశాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. అక్కకి ఏం చెప్పాలో అతనికి ఒక్క ముక్కా తోచలేదు.

చెక్కల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పెట్టినవాడు ఆయనే, తియ్యాల్సినవాడూ ఆయనే. కొండ మీద, లారీ లేని ఆ వాలు రోడ్డులో ఎర్ర చెక్కలు రెండూ బురదలో అలాగే ఉన్నాయి, ఒకదాని మీద ఆయన అరచేతుల గుర్తు ఆరుతూ.