కంచె దాటని బంతి

ఎర్ర బంతి కమ్మీల మధ్య దూరలేదు. లెసేట్జా మాషీలో అనే ఇన్‌స్పెక్టరు దాన్ని పక్క సందులో పెట్టి బొటనవేలితో నొక్కాడు. అక్కడా దూరలేదు. బంతి దూరిన చోట బిడ్డ తల దూరుతుంది, తల దూరితే మిగతాదీ దూరుతుంది. ఈత కొలనుల కంచెల గురించి మునిసిపాలిటీ పెట్టిన నిబంధనల్లో సగం ఆయనకు ఆ బంతిలోనే ఉండేవి.

బంతి మునిసిపాలిటీది కాదు, కూతురు చిన్నప్పుడు ఆడుకున్నది. జేబులో వేసుకుంటే కోటు ఒక పక్కకు ఉబ్బి, పొలోక్వానే వీధుల్లో ఆయన ఎవరి పెరట్లోనో బత్తాయి కాజేసి వస్తున్నట్టు కనిపించేవాడు. పొట్టి మనిషి. ఎండకు వెలిసిన టోపీ, వంగి వంగి మోకాళ్ళ దగ్గర తెల్లబడిన ప్యాంటు. ఎక్కడైనా పని ముగిశాక బంతి తుడిచి, జేబులో వేసి, పైనుంచి ఒకసారి తట్టడం అలవాటు.

"కంచె బాగానే ఉంది. గేటుకు ఆ ఇటుక ఎందుకండీ?"

మాంసం కాలుస్తున్న ఇంటాయన పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. "చేతుల్లో పళ్ళేలుంటే గేటు మాటిమాటికీ మూసుకుపోతుంది. మాంసం అవగానే తీసేస్తాలెండి."

"మాంసం కాలేదాకా పిల్లలు ఆగుతారా మరి?"

కిటికీలోంచి ఇంటావిడ నవ్వింది. "గట్టిగా చెప్పండి. నా మాటంటే ఆయనకు లెక్కలేదు."

ఇంటాయన గొణుక్కుంటూ వచ్చి ఇటుక తీశాడు. గేటు తనంతట తానే వెనక్కి వచ్చింది, గడియ టక్కున పడింది. లెసేట్జాకు ఆ చప్పుడంటే ఇష్టం. రేపటినుంచి అది వినబడదు. ఇవాళ్టితో ఉద్యోగం అయిపోతుంది. పొద్దున్నే సెన్వబర్వాన వైపు వెళ్ళే షేర్ టాక్సీ ఎక్కి సొంత పల్లెకు, మేకల దగ్గరికి వెళ్ళిపోవాలి. ఇంకొక్క ఇల్లే మిగిలింది. దాన్ని కావాలనే చివరికి ఉంచుకున్నాడు.

అది మొక్గాడి లెద్వాబా అనే ఆవిడ ఇల్లు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. పోయిన భర్త వీధిలో అందరికీ ఉందని కొలను తవ్వించాడు గాని, ఆ ఇంట్లో ఈత వచ్చినది కప్పలకే. తనిఖీలో ఆమె కంచె ఎప్పుడూ తప్పుతుంది. ఒకసారి కంచె పక్కన కుర్చీ, ఒకసారి నిచ్చెన, ఒకసారి ఊడిన స్ప్రింగు. తప్పితే మళ్ళీ రావాలి. మళ్ళీ వస్తే టీ, వేడివేడి మాగ్విన్యాలు. లెసేట్జాకు భార్య పోయి చాలాకాలమైంది. నూనెలో పొంగిన ఆ పిండి ఉండల కోసం ఆయన కంచెలో తప్పు కనిపెట్టకుండా వెళ్ళిన రోజు లేదు.

ఇవాళ కంచెకు ఆనించి పెద్ద పూలకుండీ ఉంది. పిల్లలు ఎక్కి దూకడానికి సరిపడా ఎత్తు. అరుగు మీద దుమ్ములో, కుండీ లేచివచ్చిన చోట శుభ్రమైన గుండ్రటి మచ్చ.

"అయ్యో, అక్కడుందా!" అంది మొక్గాడి. "ఎండ కోసం జరిపాను. ఇంకేం, తప్పినట్టేగా? వచ్చే వారం వస్తారా?"

వచ్చే వారం వచ్చేది కొత్త ఇన్‌స్పెక్టరు. కుర్రవాడు, టీ తాగడు, జరిమానా రాస్తాడు. లెసేట్జా కుండీని రెండు చేతులా కౌగిలించుకుని, మూలుగుతూ మోసుకెళ్ళి, ఆ గుండ్రటి మచ్చ మీదే దించాడు.

"కంచె పాసయింది సిస్టరమ్మా."

"పాసా?" ఆమె ముఖం చిన్నబోయింది. "ఇన్నేళ్ళు లేంది ఇవాళ ఏం మాయరోగం వచ్చిందండీ మీకు?"

"ఇవాళే ఆఖరు. రేపు ఊరికి పోతున్నా."

కొలను పక్కన బల్ల దగ్గర ఆమె టీ పోసింది. కప్పు నిండి, సాసరు నిండేదాకా చూసుకోలేదు. ఆయన చెప్పాలనుకున్న మాట మాగ్విన్యాతో పాటు నోట్లోనే ఉండిపోయింది.

"మీ ఊళ్ళో కొలనులున్నాయా?" అంది చివరికి.

"మేకలు తాగే తొట్టి ఉంది."

"దానికి కంచె ఉందా?"

"లేదు."

"చూశారా! ఊరందరికీ కంచెల గురించి చెప్పేవారు మీరు! వచ్చి చూసేవాళ్ళు ఎవరూ లేరా?"

"ఇప్పటిదాకా లేరు," అన్నాడు లెసేట్జా. చెవులు వేడెక్కాయి. "శనివారాలు పొద్దున టాక్సీ ఉంటుంది. చర్చి దగ్గర దిగి మాషీలో వాళ్ళ ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు."

మొక్గాడి సాసర్లోని టీని మళ్ళీ కప్పులోకి వంపింది. కిందికి చూస్తూ నవ్వుకుంది.

ఆయన లేచి టోపీ పెట్టుకున్నాడు. కొలను గేటు దాటి జేబు తట్టుకున్నాడు. కోటు నడుముకు అంటుకుని చదునుగా ఉంది. అయినా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. వెనకాల గేటు మెల్లగా వచ్చి టక్కుమంది.

పిలవడానికి నోరు తెరిచిన మొక్గాడి, శనివారం టాక్సీ గుర్తొచ్చి, మూసుకుంది. మాగ్విన్యాల పళ్ళెం పక్కన, తుడిచి శుభ్రం చేసిన ఎర్ర బంతి ఉంది.