కుదుపు లేని షేరు

వందలాది షేర్ల పాత ధరలను జల్లెడ పట్టగా పట్టగా ఆ పరిశోధకురాలికి ఒక ఆణిముత్యం దొరికింది. ఎగిరి గంతేసినంత పని చేసి, పక్క బల్ల దగ్గరి సీనియర్‌ని పిలిచింది. ఆఫీసంతా ఆయన్ని చాదస్తం మాస్టారంటారు.

"మాస్టారూ, ఇలా రండి! మార్కెట్ మొత్తం కుప్పకూలిన వారంలో కూడా దీనికి చీమ కుట్టినట్టయినా లేదు. బొత్తిగా రిస్కు లేని షేరు!"

ఆయన తెర మీదికి వంగి చూసి పెదవి విరిచాడు.

"రిస్కు లేకపోవడమేంటి, నీ మొహం! ఆ కంపెనీ ఎప్పుడో మూతపడిందమ్మా. కొనేవాడూ అమ్మేవాడూ లేనప్పుడు మన సిస్టం నిన్నటి ధరనే ఇవాళ కూడా వేసేస్తుంది. నువ్వేమో శవాన్ని చూసి, ఎంత బుద్ధిగా పడుకుందో అని మురిసిపోతున్నావ్."

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే, అలవాటు కొద్దీ తెర మూలనున్న చిన్న బొమ్మ వైపు చూసింది. ఇంట్లో జబ్బుగా ఉన్న పెద్దమ్మ మంచానికి ఎదురుగా తను పెట్టి వచ్చిన కెమెరా నుంచి ఎప్పటికప్పుడు వచ్చే వీడియో బొమ్మ అది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు చూసినా పెద్దమ్మ గోడ వైపు తిరిగి హాయిగా నిద్రపోతూనే ఉంది. పోనీలే, ఇవాళ దగ్గు తెరిపిచ్చింది అని మధ్యాహ్నం సంతోషించింది కూడా.

ఆఫీసు కిటికీ బయట పొద్దు గుంకి, వీధి దీపాలు వెలిగాయి.

తెర మూలన పెద్దమ్మ దుప్పటి మీద మాత్రం పొద్దుటి ఎండ ఇంకా అలాగే ఉంది.