గంజి పెట్టిన కోటు

గంజి వాసన. ఎండకు పెళుసెక్కిన తెల్లటి కోటు... చేయి దూరిస్తే బరబరమంది.

పోటీకి పోయే బట్ట మెత్తగా వేలాడితే నలుగురిలో నామోషీ అని, సృజన తల్లి వినోద నిన్న ఆ జూడో కోటుకు చిక్కటి గంజి పెట్టింది. సిరిసిల్లలో మరమగ్గాలకు కండెలు చుట్టే చేతులు. గంజి పెట్టని నూలు నూలే కాదనుకునే చేతులు. బిడ్డ మెరవాలి — ఆమెకు తెలిసింది అంతే.

కరీంనగర్ స్టేడియంలో పొద్దున్నుంచి సృజనకు ఎదురే లేదు.

జూడోలో ఎదుటివాళ్ల కోటు పట్టుకునే పడెయ్యాలి. సృజన కోటు మీద పడిన ప్రతి చేయీ జారింది. జారగానే ఆమె తిరిగింది, ఎత్తింది, పడేసింది. సెమీఫైనల్లో జైనూర్ పిల్ల సక్కుబాయి కూడా అలాగే పడింది. లేచి, తన వేళ్లకేసి చూసుకుంటూ వెళ్లిపోయింది.

ఇక ఒక్క ఆట. గెలిస్తే రాష్ట్ర జట్టు.

గాలి లేదు. రేకుల కింద ఉక్క...

ఫైనల్ ముందు రెఫరీ మేడం సృజన కాలరును రెండు వేళ్లతో నొక్కింది. మళ్లీ నొక్కింది.

"గింత బిర్రుగుంటే ఎదుటి పిల్లకు పట్టెట్ల దొరుకుతది? ఇది నడవది. మార్చుకొని రా."

ఇంకో కోటు లేదు.

నల్లా దగ్గరికి పరుగు. వినోద కోటును నీళ్ల కింద పెట్టి పిసికింది. తెల్లటి నీళ్లు పోతూనే ఉన్నాయి... పోతూనే ఉన్నాయి.

"మంచిగ కనవడాలని పెట్టిన బిడ్డా... నాకేమెరుక!"

సృజనకు కోపం వచ్చింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది, కోపం కంటే చెడ్డది — పొద్దున్నుంచి గెలిచింది తనేనా?

కోటు రెండో కొస ఎవరో పట్టుకుని పిండుతున్నారు. సక్కుబాయి.

"నా చెయ్యి ఊకె జారింది అక్కా," అంది నెమ్మదిగా. "నాకే తాకత్ లేదనుకున్న. బాపుకు ఫోన్ జేసి గదే చెప్పిన."

సృజనకు సిగ్గేసింది. ఏదో అనబోయింది. లోపల మైకులో పేరు పిలిచారు.

రెఫరీ మేడం మళ్లీ నొక్కి చూసి తలూపింది. తడి కోటు ఒంటికి అతుక్కుంది... బరువుగా... చల్లగా. వంగి దండం పెట్టింది సృజన. ఆట మొదలైంది.

ఎదుటి పిల్ల చేయి కాలరు మీద పడింది.

పట్టు దొరికింది.

జారలేదు.

సృజన ఒక అడుగు వెనక్కి పోయింది. ఇంకో అడుగు. ఇవాళ మొదటిసారి ఆమెకు భయమేసింది. తనకు నిజంగా ఎంత బలముందో ఇప్పుడే తేలాలి — ఇక్కడే, ఈ తడి కోటులోనే.

వినోద చూడలేక మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. మ్యాట్ పక్కన ఒకే ఒక్క గొంతు, చించుకుని అరుస్తోంది.

"గుంజు అక్కా... గుంజు!"

సక్కుబాయి.

సృజన రెండు చేతులా గుంజింది.