కింద ఉండే మనిషి

లాకరు తాళంచెవి హెడ్ నర్సుకు అప్పగించాలి. ఏడో మంచం పెద్దాయన్ని ఎలా పక్కకు తిప్పాలో కొత్త ఆయాకు చూపించాలి. గ్యాస్ సిలిండరు పక్కింట్లో పెట్టాలి. అక్క పక్కలో వేయడానికి రబ్బరు షీటు కొనాలి. దర్జీకి భుజం ఇవ్వడం నేర్పాలి.

పాత మందుల చీటీ వెనక ఈ అయిదు పనులూ రాసుకుంది ఆయమ్మ. ఆరు అని అంకె వేసి, దాని పక్కన ఏమీ రాయకుండానే చీటీ మడిచి జాకెట్లో దోపుకుంది. రాస్తే ఎవరి కంటైనా పడుతుందని సిగ్గు.

యాభై ఆరేళ్ళ మనిషి. ఎనభై నాలుగు కిలోలు. వెడల్పాటి భుజాలు, పొట్టి వేళ్ళు, అరిగిపోయిన గోళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఆసుపత్రి వార్డులో రోగులను మంచం మీంచి స్ట్రెచరు మీదికి, స్ట్రెచరు మీంచి మంచం మీదికి మారుస్తోంది. మెలకువగా ఉన్నవాళ్ళకంటే నిద్రపోయేవాళ్ళు బరువు, అందరికంటే భయపడేవాళ్ళు బరువు అని ఆవిడ చేతులకు తెలుసు. కొత్త ఆయాకు కూడా అదే చెప్పింది.

"వెంటనే చెయ్యి వెయ్యకు. ముందు ఆయనతో రెండు మాటలు మాట్లాడు. భయం తగ్గితే సగం బరువు తగ్గుతుంది."

పెద్దాయన ఆవిడ మణికట్టు పట్టుకుని, రేపు రావా అని అడిగాడు. రానని, ఈ పిల్ల చేతులు తన చేతులకంటే మెత్తనివని చెప్పి, ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకుంది.

దూరపు ఊళ్ళో ఉన్న అక్కకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. బావగారికి ఎత్తి కూర్చోబెట్టే ఓపిక లేదు. ఫోనులో ఆయన, నువ్వొస్తే గానీ కుదరదమ్మా అన్నాడు. ఎన్నాళ్ళు అని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చింది. రేపు తెల్లవారుజామున మొదటి బండికి ప్రయాణం.

సాయంత్రం రబ్బరు షీటు చుట్ట చంకలో పెట్టుకుని నాటకాల హాలుకు వెళ్ళింది. హాలంటే పాత గోదాము. బడిలో డ్రిల్లు నేర్పే టీచరమ్మ ఒకావిడ దాన్ని అడిగి తీసుకుని, మాటల్లేకుండా ఒంటితోనే ఆడే నాటకాలు కట్టిస్తోంది. నాలుగేళ్ళ కిందట తల్లిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, ఆయమ్మ ఆ తల్లిని లేపిన తీరు చూసి, మా దగ్గరికి రండి అని పిలిచింది. అక్కడ ఎవరి ఒళ్ళు వాళ్ళ పని మలిచినట్టే ఉంటుంది. మిషను మీద వంగీ వంగీ దర్జీకి గూని వచ్చింది. బస్సు డ్రైవరు మెడ తిప్పాలంటే నడుంతో సహా తిరుగుతాడు. బ్యాంకులో గుమాస్తాగా చేసే సన్నటి అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. టీచరమ్మ ఎవరి వంకరా సరిచేయలేదు. దర్జీ గూనినే ముసలి చెట్టుగా మలిచి ఒక నాటకం కట్టింది. ఎప్పుడూ కింద ఉండి మోసే ఆయమ్మకు డ్రైవరు 'పునాది' అని పేరు పెట్టాడు.

వాళ్ళకొక కట్టుబాటు ఉంది. మోసే మనిషి కింద కాళ్ళు కుదుర్చుకుని "ఉన్నాను" అనాలి. ఆ మాట వినబడేదాకా పైకెక్కే మనిషి నేల వదలకూడదు. నాటకం ఆడేటప్పుడు అంతకుమించి ఎవరూ మాట్లాడరు. నాలుగేళ్ళలో ఆయమ్మ ఆ మాట ఎన్ని వేలసార్లు అందో. ఆవిడతో మాత్రం ఎవరూ అనలేదు. తన పాదాలు ఒక్కసారి నేల వదలాలని, కింద నుంచి ఎవరో ఆ మాట తనతో అనాలని ఆవిడ కోరిక. నాలుగేళ్ళుగా రోజూ అడగాలనుకుంటూనే ఉంది. ఎనభై నాలుగు కిలోలు గుర్తొచ్చి నోరు మూసుకుంటోంది.

దర్జీ భుజం ఇవ్వడానికి నానా తిప్పలూ పడ్డాడు.

"ఉన్నానమ్మా, ఉన్నాను. ఎంతసేపుంటానో చెప్పలేను."

పిచ్చుక నవ్వు ఆపుకోలేక దూకేసింది. ఆయమ్మ అతని వెనక నిలబడి, మడమల మీదికి బరువెలా దించాలో, ఊపిరి ఎక్కడ పట్టాలో ఓపిగ్గా చూపించింది. ఏడోసారి పిచ్చుక అతని భుజం మీద కదలకుండా నిలబడింది. ఇక ఈ హాలులో తనతో పనిలేదు.

టీచరమ్మ తలుపు వేయడానికి తాళం చేతిలోకి తీసుకుంది. రేపట్నుంచి మనది పునాది లేని ఇల్లు అంటూ డ్రైవరు చెప్పులు వేసుకున్నాడు. ఆయమ్మ గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"టీచరమ్మా, నన్నొకసారి లేపుతారా?"

డ్రైవరు నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగాడు. వేసుకున్న చెప్పులు మళ్ళీ విప్పాడు. టీచరమ్మ తాళం కింద పెట్టి, ఎవరెక్కడ నిలబడాలో చేత్తో చూపించింది. ఆయమ్మ చేతిసంచీ, రబ్బరు షీటూ కిటికీ దగ్గర పెట్టి వచ్చి, వాళ్ళ మధ్య నిలబడింది.

ఉన్నాను అని టీచరమ్మ అంది. డ్రైవరు అన్నాడు, దర్జీ అన్నాడు, చివర పిచ్చుక అంది. ఆయమ్మ వెనక్కి వాలుతూ, అలవాటు కొద్దీ తనూ "ఉన్నాను" అనేసింది. ఒళ్ళంతా బిగుసుకుంది. కాళ్ళు నేలను వదల్లేదు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. వాళ్ళ చేతుల్లోకి వాలి కూడా తన బరువు తనే మోసుకుంటోంది.

టీచరమ్మ ఆవిడ చెవి దగ్గరికి వంగింది.

"మీరనకూడదు ఆయమ్మా. ఈ కాసేపు మీరు ఉండక్కర్లేదు. మేమున్నాం."

నాలుగోసారి ఆవిడ ఏమీ అనలేదు. మెడ వదిలేసింది, తరవాత నడుం, ఆఖరున మోకాళ్ళు. పాదాలు లేచాయి. ఎప్పుడూ వంచిన తలతో నేలను చూసిన మనిషికి గోదాము కప్పు కనబడింది. అంత ఎత్తని తెలియదు. రేకుకు ఒకచోట చిన్న చిల్లు, అందులోంచి ఇంకా ఆరని వెలుతురు. డ్రైవరు చేతులు వణకడం వీపుకు తెలిసింది.

"బరువున్నానా?"

"ఉన్నారు," అన్నాడు డ్రైవరు. "దించాలని లేదు."

ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు ఉంచి, దించారు. ఆవిడ చీర సర్దుకుని, అందరికీ వెళ్ళొస్తానని చెప్పి, సిలిండరు పని ఇంకా అలాగే ఉందంటూ గబగబా నడిచి వెళ్ళిపోయింది. మర్నాడు బండెక్కింది. మళ్ళీ రాలేదు.

వాళ్ళ నాటకం ఎప్పుడైనా మీ వీధికి వస్తుంది. గూనివాడి భుజం మీద ఒక సన్నటి అమ్మాయి చేతులు చాపి నిలబడుతుంది, అందరూ ఆ అమ్మాయినే చూస్తారు. మీరు మాత్రం, ఆ భుజానికి నిలబడటం నేర్పిన మనిషిని ఒక్కసారి తలచుకోండి. ఆ సాయంత్రం తనను ఎత్తబోయేవాళ్ళ చేతులకు గుచ్చుకోకూడదని, ఎవరూ చూడకుండా ఆవిడ కొప్పులోంచి తీసి పెట్టిన అయిదు పిన్నులు, వరసగా, ఆ కిటికీ గట్టు మీద ఇప్పటికీ ఉన్నాయి.