దిగేటప్పుడు నడిచిన మనిషి

ఆ సైకిలు మీద తడిబట్టలు ఆరేయడం ఆమెకు బాగా అలవాటు. ముందుకు పొడుచుకొచ్చిన రెండు కడ్డీల మీద మోచేతులు ఆనించి, గాలి తగలకుండా వంగి తొక్కాల్సిన రేసు సైకిలు అది. ఈత, సైకిలు, పరుగు మూడూ కలిపిన ట్రయాథ్లాన్ పోటీకని ఆయన ముచ్చటపడి కొన్నాడు. రెండు వారాలు తొక్కాడు, నడుం పట్టేసింది, వరండాలో గోడకి చేరేశాడు. అప్పటినుంచీ ఒక కడ్డీ మీద ఆయనగారి బనియన్లు, రెండో దాని మీద తువ్వాళ్ళు. అత్తగారు దానికి కొమ్ముల గేదె అని పేరు పెట్టింది. "పాలివ్వని గేదెని ఎన్నాళ్ళు మేపుతావురా?" అని కొడుకుని దెప్పేది కూడా.

బట్టలకి తీగ కట్టించండి మహాప్రభో అని ఆమె ఏడాదిగా మొత్తుకుంటోంది. కట్టించలేదు. ఒక ఆదివారం పొద్దున్నే ఆమెకి ఒళ్ళు మండి, బనియన్లన్నీ తీసి కుర్చీలో పడేసి, గేదెనెక్కి వెళ్ళిపోయింది. వీధి చివరిదాకా అనుకున్నది ఊరు దాటేసింది. తిరిగొచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. ఇంట్లో మాత్రం కాఫీ ఏదని తల్లీకొడుకులిద్దరూ అడిగారు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ అదే వరస.

ఈత చిన్నప్పుడే వచ్చు. పరుగు గురించి చెప్పక్కర్లేదు, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె చేస్తున్నది అదే. అందుకని నిరుడు ధైర్యం చేసి పోటీలో పేరిచ్చింది. ఈత అయింది. సైకిలు మీద కొండ ఎక్కడమూ అయింది, మగవాళ్ళు కొందరు దిగి తోసుకుంటున్న చోట కూడా తొక్కుకుంటూ ఎక్కింది. తీరా పైకెళ్ళి కిందికి చూస్తే భయం పట్టుకుంది. రెండు బ్రేకులూ నొక్కిపట్టి ఒక మలుపు దాటింది, రెండో మలుపులో చేతులు తిమ్మిరెక్కి, ఇక నావల్ల కాదని సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చింది. కిందికి చేరేసరికి గడువు దాటిపోయింది. పరుగుకి పంపలేదు.

అదిగో, ఆ రోజునుంచీ ఇంటికెవరొచ్చినా ఆయనకి అదే కథ. "అందరూ నడిచి ఎక్కి, తొక్కుతూ దిగుతారు. మావిడ తొక్కుతూ ఎక్కి నడిచి దిగింది!" అని చెప్పి, వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగి, "టీ తీసుకురావోయ్," అనేవాడు. ఆమె తెచ్చేది. ట్రే ఎత్తి ఆయన నెత్తిన బోర్లించాలనిపించేది కానీ కప్పులు పుట్టింటివారు పెట్టినవి.

ఈ ఏడాది మళ్ళీ పేరిస్తానంటే ఆయన షరతు పెట్టాడు. "ఈసారి కూడా టైముకి దిగలేకపోతే సైకిలు తమ్ముడికిచ్చేస్తా. వాడు అడుగుతున్నాడు. నీకు బట్టల తీగ కట్టిస్తాలే." ఇన్నాళ్ళూ పలకని తీగ ఇప్పుడు పలికింది. సైకిలు పోతే ఆదివారం పొద్దున్న పోతుంది. వారం మొత్తంలో ఆమెని ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. ఆమె సరేనంది.

భయం ఉత్తదేం కాదు. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తుంది. సైకిలు మీంచి పడ్డవాళ్ళ మెడ ఎముకలు ఎక్కడ విరుగుతాయో ఆమెకి కంఠతా వచ్చు. "ఊపిరి బిగపట్టండి, కదలకండి" అని రోజంతా అందరికీ చెప్పీ చెప్పీ, కొండ దిగేటప్పుడు తనూ అదే చేస్తోందని ఈతా సైకిలూ నేర్పే టీచరమ్మ కనిపెట్టింది. ఆవిడ మెళ్ళో ఎప్పుడూ ఈల ఉంటుంది. ఒక చిన్న దిబ్బ మీదికి తీసుకెళ్ళి పాఠం చెప్పింది.

"ఆ కడ్డీల మీద బ్రేకులు లేవు కదమ్మా, తిన్నటి రోడ్డయితేనే వాటి మీద వాలు. మలుపు కనపడగానే చేతులు పక్క హ్యాండిల్ మీదికి రావాలి. బ్రేకు మలుపుకి ముందే వేసెయ్యి, లోపలికెళ్ళాక వదిలెయ్యి. బయటివైపు కాలు కింద పెట్టి బరువంతా దాని మీద వెయ్యి. చూపు మాత్రం మలుపు అవతల ఉండాలి. గుంటని చూశావో, గుంటలోకే పోతావు!"

చేతులేమో బ్రేకు వదలవు. వదలమంటే ఎలా? కాపురానికొచ్చిన కొత్తలో గబగబా మాట్లాడుతుందని అత్తగారు, పెద్దగా నవ్వుతుందని ఆయన, పక్కన నడుస్తూ ముందుకెళ్ళిపోతుందని ఇద్దరూ మందలించేవాళ్ళు. ఆసుపత్రిలోనూ అంతే, పెద్ద డాక్టరు ఎముక పేరు తప్పు రాస్తే అది తప్పని కూడా మెల్లగా చెప్పాలి. అందరూ మెల్లగా, మెల్లగా అనేవాళ్ళే. పొద్దున్నే టిఫిను బల్ల మీదికి రావాలంటే మాత్రం ఏ ఒక్కరూ మెల్లగా అనరు. ఇన్నేళ్ళూ తన బ్రేకు మీద తన చెయ్యే కాక ఇంటిల్లిపాది చేతులూ ఉన్నాయని తట్టి, దిబ్బ మీద నిలబడి ఆమె ఒక్కతే నవ్వుకుంది. టీచరమ్మ ఈల ఊదింది. మళ్ళీ దిగింది. రోజుల తరబడి దిగింది.

పోటీ రోజు కొండ కింద ఆయన, అత్తగారు, కారుతో మరిది హాజరు. సైకిలు కారు మీద కట్టడానికి తాళ్ళు కూడా తెచ్చుకున్నారు, ఆ ముందుచూపుకి మెచ్చుకోవాలి.

కొండ మీద ఆమెకి భయం వేసింది, వేయకుండా ఎలా ఉంటుంది? అయినా వదిలింది. తిన్నటి రోడ్డు మీద కడ్డీలకి వాలగానే గాలి చెవుల్లో హోరుమంది. మలుపు. చేతులు పక్కకి, బ్రేకు, వదులు, చూపు అవతలికి. సైకిలు చెప్పినట్టు విని తిరిగింది. రెండో మలుపు, నిరుడు దిగిపోయింది ఇక్కడే. పక్కనుంచి ఈడ్చి కొట్టిన గాలికి ముందు చక్రం వణికింది, ఆమె ఒళ్ళంతా కొయ్యబారింది. "ఇక ఊపిరి వదలండి," అంది పైకే, ఆసుపత్రి గొంతుతో. వదిలింది. భుజాలు దిగాయి, చక్రం కుదురుకుంది. అమ్మో, ఎంత బాగుంది! ఇంత బాగుంటుందని ఒక్కరూ చెప్పలేదేం? ముందు వెళ్తున్న ఒకతనికి "కుడివైపు వస్తున్నా!" అని కేక పెట్టి దాటేసింది. అంత పెద్ద గొంతు తనకుందని ఆమెకే తెలీదు.

కింద ఆయన రోడ్డుకి వీపు పెట్టి పక్కవాళ్ళకి కథ చెబుతున్నాడు. "తొందరేం లేదండీ, మావిడ నడిచొస్తుంది..." వెనకనుంచి ఏదో సర్రున పోయింది.

"ఒరేయ్, నీ గేదె పోతోందిరా!" అని అరిచింది అత్తగారు.

సైకిళ్ళు ఆపే చోట కంచె దగ్గరికి ఆయన రొప్పుతూ వచ్చేసరికి ఆమె సైకిలు స్టాండుకి తగిలించి, పరుగు బూట్లకి ముడి వేసుకుంటోంది. గడువుకి ఇంకా బోలెడు సమయముంది.

"బ్రేకులు గానీ పోయాయా?"

"బాగున్నాయండీ. వేయాల్సిన చోట వేశాను."

ఆయన చేతిలోని తాళ్ళు సర్దుకున్నాడు. "సరేలే, తాళ్ళెలాగూ తెచ్చాం. సైకిలు కారు మీద కట్టేస్తే, పరుగయ్యాక అందరం కలిసి పోదాం. అలిసిపోయి ఉంటావు."

"వద్దు. నేను దీని మీదే వస్తా. మీరు బయల్దేరండి."

"మరి భోజనం? తమ్ముడు కూడా వస్తున్నాడు..."

"ఇంటికి ముందు చేరేది మీరేగా," అని ఆమె పరుగందుకుంది.